ముడి ఎటు పక్క

పూర్ణా మార్కెట్ వెనక సందులో
ఎర్నిమాంబ లేడీస్ టైలర్స్ అని బోర్డు.
లోపల నేనూ, రెండు మిషన్లూ, ఒక ఫ్యానూ.
ఫ్యాను తిరిగితే కొలతల కాగితాలు ఎగిరిపోతాయని
సగం రోజులు ఆపే ఉంచుతాను.

దసరా జాకెట్లు ఇంకా తెమలకముందే
హైందవి వచ్చింది, ఫోను నా ముక్కుకి ఆనించి.
"ఆంటీ, ఇలాంటిది. శనివారానికి."
బీచ్ రోడ్డు హోటల్లో బీరు పండగట.
జర్మనీలో బవేరియా అని ఒక చోటు ఉందట,
అక్కడి ఆడవాళ్ళ పాతకాలం బట్టట.
ఇప్పుడదే ఫ్యాషనట.

కళ్ళజోడు తుడుచుకుని చూశాను.
బుట్ట చేతుల తెల్ల జాకెట్టు,
దాని మీద తాళ్ళు లాగి బిగించిన బాడీ,
కుచ్చుల పావడా, పావడా ముందు ఒక గుడ్డ.
"ఏటమ్మా ఇది, మన పరికిణీకి పెదనాన్న కూతురిలాగుంది!"
నవ్వింది.
నేను నవ్వులాటకి అనలేదు.
నడుము ఎక్కడ ఆపాలో, ఊపిరికి ఎంత వదలాలో
ఆ ఊళ్ళో కుట్టిన ఆవిడకీ తెలిసే ఉంటుంది.

ముందు ఆన్‌లైన్లో ఒకటి చూసిందట,
మెరుపు గులాబీ, మోకాలికి జానెడు పైన.
"నాటకాల పెట్టెలోదిలా ఉంది" అన్నాను.
"నాకూ అదే అనిపించింది. ఈ ఏడు పొడుగే నడుస్తోందట ఆంటీ,
రంగులు కూడా మాగినవే."
మాగిన రంగులు! ఆ మాటకి ఆ పిల్ల మీద గురి కుదిరింది.

వెల్వెట్ కావాలంది.
అక్టోబరులో, సముద్రం పక్కన, వెల్వెట్టా?
వాయుగుండం పట్టిందంటే నువ్వే ఇడ్లీవి అన్నాను.
జాకెట్టుకి పొందూరు ఖద్దరు,
పావడాకి నాచురంగు మంగళగిరి,
ముందు గుడ్డకి మాత్రం నాలుగు కొట్లు తిరిగి
ఎండిన మందారం రంగు దగ్గర ఇద్దరం ఆగాం.
జింక కొమ్ము బొత్తాలు ఉండాలంది.
కొబ్బరి చిప్ప బొత్తాలు దొరికాయి.

వెంట వచ్చే అబ్బాయికి తోలు నిక్కరట.
"తోలు నా మిషను తినదు, చెప్పులు కుట్టే సత్యారావుని అడుగు.
అయినా ఈ ఉక్కలో తోలేటి, పాపం!
నీ తోడా?"
"తోడంటే తోడు కాదాంటీ. ఆఫీసు."
చెవులు మాత్రం మందారం రంగుకొచ్చాయి.

శుక్రవారం రాత్రి తొడిగి చూపించింది.
ముందు గుడ్డ రిబ్బను పట్టుకుని నిలబడిపోయింది.
దీనికో లెక్కుందట.
ఎడమ పక్క ముడి వేస్తే ఎవరూ లేనిదని.
కుడి పక్క వేస్తే మనిషి కుదిరిందని.
వెనక్కి వేస్తే
మొగుడు పోయినదని, లేదా గ్లాసులు మోసే మనిషని.

ఆ రెండూ నేనే కదా అనుకున్నాను.
ఒకప్పుడు డాబాగార్డెన్స్ హోటల్లో ఆరేళ్ళు పళ్ళేలు మోశాను.
పైకేమీ అనలేదు. దారం కొరికాను.

"మరి ముందు, నడిమధ్యన వేస్తే?"
ఫోను పైకీ కిందకీ తోసింది.
"నా సంగతి మీకెందుకు అని అట ఆంటీ."

రిబ్బను ఇంకో మూర అతికించమంది.
ఎటైనా అందేలా.
ఎటన్నది అక్కడికెళ్ళాక చూసుకుంటుందట.
కుట్టుకూలిలో యాభై తగ్గించాను, ఎందుకో.

శనివారం వాన పడింది, పెద్దదేం కాదు.
పండగ జరిగిందో లేదో,
ముడి ఏ పక్కకి తిరిగిందో,
ఇంకా చెప్పడానికి రాలేదు ఆ పిల్ల.

మిగిలిన మందారం ముక్క పారెయ్యబుద్ధి కాలేదు.
అంచు మడిచి, రెండు తాళ్ళు తగిలించి
పెసరట్లు పోసేటప్పుడు కట్టుకుంటున్నాను.
ముడి ముందే వేస్తాను, నడిమధ్యన.
ముప్పయ్యేళ్ళు మిషను మీద వంగిన భుజాలివి,
చెయ్యి వెనక్కి పోదు.
అదొక్కటే కారణం అని
అడిగినవాళ్ళకి చెబుతాను.