లోడు, ఖాళీ, నికరం

చీమకుర్తి నుంచి రామతీర్థం పోయే దారిలో
రాత్రి కాటా నాది.
రాయి ఎక్కిన లారీ ఒకసారి,
రాయి దించిన లారీ ఒకసారి.
లోడులోంచి ఖాళీ తీసేస్తే నికరం.
పదకొండేళ్లుగా నాకొచ్చిన లెక్క ఇదొక్కటే.

పాలిషింగు ఫ్యాక్టరీ మూసేసి పోతూ
మార్వాడీ సేటు మిషన్లు అమ్ముకున్నాడు.
కుక్కను ఎవరూ కొనలేదు.
దూడంత కుక్క.
నల్లటి ఒంటి మీద అక్కడక్కడ పసుప్పచ్చ చుక్కలు.
అచ్చం మన రాయే గదా అని
డ్రైవర్లు గెలాక్సీ అని పిలిచారు.
ఒక తెల్లారుజామున అదే వచ్చి కాటా మీద పడుకుంది.
అద్దం వెనక ఎర్రటి అంకె: అరవై.
మా కాటాకు పది కిలోల లోపు లెక్క తెలీదు.

మొదట్లో అన్నం, మజ్జిగ,
చెంచమ్మ పులుసులో మిగిలిన అడుగు.
రెండు నెలలకు అంకె యాభై.
లేచేటప్పుడు వెనక కాళ్లు
తడి పలక మీద నిలబడ్డట్టు జారేవి.
దాన్ని పట్టుకుని నేనూ ఎక్కి చూశాను: నూట ఇరవై.
పశువుల ఆసుపత్రిలో కాంపౌండరు దిబ్బయ్య తిట్టాడు:
"ఉల్లిగడ్డ పెడతావా దానికి? విషమయ్యా.
ఉత్త అన్నం పొట్టకే గానీ కాలికి రాదు."

ఒంగోలు పోయాను, కర్నూలు రోడ్డులో కుక్కల మేత అంగడికి.
లోపల ఏసీ. మూటల మీద కుక్కలు నవ్వుతున్నాయి.
ఇరవై కిలోల మూట ఆరువేల మూడొందలు,
దాని పక్కది రెండువేల నాలుగొందలు.
నా జీతం పదమూడువేలు.
ఏ మూట మోసుకొచ్చానో చెప్పక్కర్లేదు.

గెలాక్సీ రోజుకు కిలో తినేది,
తిని, ఇంకా నా చేతి వైపే చూసేది.
పొద్దున కంకర కుప్ప పక్కన
పారతో ఎత్తిపోస్తుంటే తట్టింది నాకు.
ఒక పార. రెండో పార.
మూటలో సగం
కుక్కలో దిగకుండానే దాటిపోతోంది.
ఇన్నాళ్లూ లోడుకు డబ్బు కట్టాను,
కట్టాల్సింది నికరానికి.
మూట వెనక చిన్నక్షరాలు మా అమ్మాయి చదివింది:
ముందు మొక్కజొన్న, తర్వాత తవుడు,
మాంసం యాడో అడుగున, ఉప్పుకు కాస్త ముందు.

ఇప్పుడు
మీరావలి కోళ్ల అంగట్లో సాయంత్రానికి మిగిలే
మెడలు, కందనకాయలు, పెడితే కాస్త కార్జం, కిలో నలభై.
పొదిలి సజ్జలు మెత్తగా ఉడికించి, ఒక గుడ్డు.
కొత్తపట్నం ఎండుచేపలు చౌకే గానీ
ఉప్పని దిబ్బయ్య వద్దన్నాడు.
పచ్చి కవళ్లు దొరికిన రోజు దానికి పండగ.
ఆ ఖరీదు మూట కూడా కొంటాను, ఒప్పుకుంటున్నా,
మూడు నెలలకొకటి, పొద్దున పూట టీ గ్లాసుతో కొలిచి.
అంతా కలిపి రోజుకు నూటపది.
పాత స్లిప్పుల వెనక రాసిపెట్టాను, కాకిలెక్క కాదు.

"రాత్రి టిఫిను మానేశావని యాడా రాయలేదే"
అంది చెంచమ్మ, స్లిప్పులు తిరగేసి.

నిన్న అది కాటా ఎక్కింది. అరవై.
అంత బరువున్న అంకెను నేనెప్పుడూ చూడలేదు,
నలభై టన్నుల బండల్లో కూడా.
సంబరంగా నేనూ ఎక్కాను.
నూట ఇరవై.
చెంచమ్మ అద్దంలోకి చూసింది, నన్ను చూసింది.
"అప్పుడూ నూట ఇరవయ్యేగా?
అది లోడైంది. నువ్వు ఖాళీ అయినావు.
మరి నికరమెంత, కాటాయనా?"

వెనక లారీ హారన్ కొడుతోంది.
గెలాక్సీ తాపీగా లేచింది,
నాలుగు కాళ్లూ ఇనుప పలకకు తన్నిపెట్టి.
జారలేదు.

ఇవాళ క్యారియర్‌లో రెండు గుడ్లు.
ఒకటి నీదేనని
మూత మీద సుద్దతో రాసి పంపింది.
గెలాక్సీకి చదువు రాదు.