సంచి మీది తేదీ

మూడు నెలలకొకసారి వస్తవు నువ్వు,
నారాయణగూడ చౌరస్తా దాటి
మా బ్లడ్ బ్యాంకు మెట్లెక్కి, హెల్మెట్ చంకల పెట్టుకోని.
ఫారం మీద పేరు మాణిక్, గ్రూపు బి నెగెటివ్.
కుర్చీల ఒరిగి చెయ్యి చాపుతవు:
"సిస్టర్, పోయినసారి లెక్కనే, నొప్పి తెల్వకుండ."

సిస్టరంటే ఇక్కడ అందరికీ సిస్టరే.
ఆ మాటల అక్క లేదు, చెల్లె లేదు, ఎవ్వరూ లేరు.
నా పేరు వినోద. కోటు జేబు మీద కుట్టి ఉంటది.
తెలిసి తెలిసి
ఆ పిలుపు చివర కొంచెం మెత్తదనం వెతుక్కున్న,
రెండేండ్లు, ఎనిమిది సూదులు.

నీ మోచేతి మడతల నరం
మా వారాసిగూడ గల్లీ లెక్క తెలుసు నాకు,
యాడ మలుగుతదో, యాడ లోతుకు పోతదో.
నువ్వు పిసికిన రబ్బరు బంతిని
నువ్వు పోయినంక డ్రాయర్ల దాచిన.
చెప్పుకుంటే సిగ్గు. అయినా చెప్తున్న.

నవంబర్ల నువ్వు రాలే.
డిసెంబర్ల ఫోను:
"వచ్చే నెల పెండ్లి, సిస్టర్.
ఇప్పుడు రక్తమిస్తే నీరసమేమన్న ఉంటదా?"
ఉండదన్న. నీళ్లు బాగ తాగుండ్రి అన్న.
ఫోను పెట్టి పద్నాలుగు గొట్టాల మీద పేర్లు రాసిన,
ఒక్కటి గూడ తప్పు పోలే.
పొద్దుమీకి విద్యానగర్ స్టేషన్ల
రెండు లోకల్ రైళ్లు ఎళ్లిపోయే దాక బెంచీ మీదనే కూసున్న.

కోపం వెతికిన. దొరకలే.
మోసం జేసినవా? లేదు.
మాటిచ్చినవా? అదీ లేదు.
ఓసారి, చెరుకురసం తాగుతరా అనడిగినవు.
అదే దినం
వాచ్‌మన్ ఐలయ్యను సుత అడిగినవు.
ఐలయ్య తాగిండు. నేను తాగలే.
తాగినంత పని జేసుకున్న, ఎన్ని నెలలో.

జరీనా ఆపా ఫ్రిజ్ తలుపు మూస్తూ అన్నది:
"గ్రూపు గలిసినా క్రాస్‌మ్యాచ్ గాకుంటే ఎక్కియ్యం గదా.
అట్లని రక్తం ఖరాబా? పేషెంట్ ఖరాబా?"
ఆమెకు నేనేం చెప్పలే.
ఎట్ల తెలిసిందో అడగలే.
నా డబ్బల తన ఖట్టీ దాల్ ఒంపి
నిమ్మళంగ చెయ్యి కడుక్కున్నది.

సంచికి ముప్పై ఐదు దినాల ఆయుష్షు.
ఎవరికీ అక్కెరకు రాకుంటే
పసుప్పచ్చ కవర్ల ఏసి రిజిస్టర్ల రాయాలె.
నంబరు. తేదీ. కారణం: గడువు దాటింది.
తప్పెవరిదో రాసే గడి లేదండ్ల.
ఏండ్ల సంది రాస్తున్న, మొన్ననే చూసిన.

పోయిన నీరు ఒక్క దినంల వాపసొస్తది,
ఎర్రకణాలకే టైం వడతది.
చేతిల బిస్కెట్ పాకిట్ పెట్టి
ఎంతమందికి చెప్పలేదు ఈ ముచ్చట.
నా చెయ్యి మాత్రం ఎన్నడూ ఎవరికీ చాపలే,
ఎప్పుడు చూసినా పదిన్నర, పదకొండు.
ఈ చలికాలమంత బీట్‌రూటు తిన్న, ఆపా తిట్లు తిన్న.
మార్చిల పన్నెండున్నర దాటింది.
ఆపానే గుచ్చింది.
సంచి నిండుతుంటె తల తిప్పుకోలే, చూసిన:
ఎవరికి పోతదో తెల్వదు,
తెల్వకపోవుడు బాగనిపించింది.

మే నెల ఎండల మల్ల వచ్చినవు నువ్వు.
ఫోన్ల పెండ్లి ఫోటో చూపించినవు.
ఆమె నవ్వు బాగున్నదన్న.
నిజంగనే అన్న. నాకే నమ్మబుద్ధి కాలే.

గంత సల్లగేం లేను.
నరం మీద వేలు ఒక్క లిప్త ఆగింది.
తర్వాత సూది లోపలికి పోయింది, నొప్పి తెల్వకుండ.

బంతుల ట్రే నీ ముందుకు జరిపిన.
దాచిందాన్ని అండ్లనే కలిపి నెల దాటింది.
ఏది నీదో వెతికినయి కండ్లు,
అన్నీ ఒక్క తీరుగ అరిగి ఉన్నయి.
ఏదో ఒకటి తీసుకున్నవు.
"పిసుకుండ్రి," అన్న,
"ఆగకుండ్రి."