పోతే వెంట్రుక

వల్పరైసోలో మా సెలూను నూట ఎనభై మెట్ల మీద.
కొండెక్కే తాడుబండి రిపేరులో ఉన్న రోజు
ఓతీలియా వచ్చేది కాదు.
వచ్చిన రోజు, కుర్చీకున్న చేతులు రెండూ
స్క్రూడ్రైవరుతో ఊడదీసి గోడవార పెట్టేదాన్ని.
ఆవిడ అద్దంలోకి కాక కిటికీలోకి చూసేది,
రేవులో ఓడలకేసి.
నేనూ ఏమీ ఎరగనట్టు దువ్వెనలు కడిగేదాన్ని.

పదిహేడేళ్లుగా నా చేతుల్లో పెరిగిన తల.
చివర సీసపుగుండు కట్టినట్టు
నిటారుగా నడుం దాకా దిగే జుట్టు.
ఒంటి గురించి ఎవరెవరో ఏవేవో అన్నారు గానీ
జుట్టునెవరూ ఒక్క మాట అనలేదు.
అందుకేనేమో, కత్తెర తీస్తే చాలు,
"వెంట్రుకవాసి, రోమినా. అంతకు మించొద్దు."

వేసవి వెళ్లాక పొట్ట కోసి
అరటిపండంత మిగిల్చి కుట్టారట.
మూడు చెంచాల సూపుకి ముప్పావుగంట.
చేపల మార్కెట్టులో పొద్దంతా తక్కెడ పట్టే మనిషి
సాయంత్రం తనూ ఎక్కి చూసుకునేది,
కొట్టు మూశాక, బూట్లు విప్పి.

నాలుగో నెలలో
మెట్లెక్కి వచ్చింది. ఆయాసపడుతూనే, అయినా ఎక్కి.
స్క్రూడ్రైవరు తీయబోతే చెయ్యి పట్టుకుని ఆపింది.
కూచుంది. ఇంకా చోటు మిగిలింది.
అప్పుడు సంచిలోంచి బిస్కెట్ల డబ్బా తీసి
నా చేతిలో పెట్టింది.
లోపల రోజుకొక చుట్ట,
దిండు మీద ఏరినవి, స్నానాలగది జాలీలో ఏరినవి.
"చేప మీద కూడా పడింది. ఒకాయన తిరిగిచ్చేశాడు."

వెంట్రుక కట్టి కొండను లాగితే
వస్తే కొండ, పోతే వెంట్రుక అంటారు.
ఈవిడ కొండనే వదిలించుకుంది.
వెంట్రుక ఊరుకుంటుందా,
ఇన్నాళ్లూ కట్టుకున్నదాని వెంటే పోయింది.

డాక్టరన్నాడట, ఒంటికి కరువొస్తే
ముందు జుట్టుకే జీతం ఆపేస్తుందని.
గుండెకిస్తుంది, కాలేయానికిస్తుంది,
జుట్టుని "రేపు రా" అంటుంది.
గుడ్లు తినాలి, ఓపిక పట్టాలి, తిరిగొస్తుంది.
ఆయనది నున్నటి గుండని కూడా చెప్పింది.
నవ్వాం. నవ్వుతుంటే ఇంకో నాలుగు రాలాయి.

ఆ రోజు వెంట్రుకవాసి కాదు, మూరెడు తీశాను.
కిందపడ్డా చప్పుడు లేదు.
కత్తెర ఆపి చూస్తే
ఆవిడ కళ్లు అద్దంలో ఉన్నాయి.
"ఎవరిదీ మెడ?" అంది.

వసంతానికి మళ్లీ మొలిచింది, పాపిట వెంట వేలెడు.
ముట్టుకుని నేనే ఉలిక్కిపడ్డాను.
రింగులు!
గొర్రెపిల్ల ఒంటిమీదవి లాంటివి, మొండివి,
మధ్యమధ్య తెల్లవి.
"ఇది నాది కాదు. సాపు చెయ్యి, పాతదానిలా."
చేశాను. గంటన్నర. గదంతా కాలిన వాసన.
గుమ్మం దాటిందో లేదో
సముద్రపు తేమ తగిలి, మూడో మెట్టు దగ్గరే
ఒక్కొక్కటీ లేచి కూచున్నాయి.
వెనక్కి తిరిగింది. తిడుతుందనుకున్నాను.
చేతిలో ఉన్న టోపీని కాసేపు చూసి
సంచిలో కుక్కుకుని దిగిపోయింది.
మలుపు దాకా కనిపించింది ఆ తల,
గాలికి ఎటు పడితే అటు.

బిస్కెట్ల డబ్బా ఇంకా నా దగ్గరే ఉంది.
పారెయ్యమనలేదు, ఇమ్మనీ అడగలేదు.
స్క్రూడ్రైవరు అందులోనే పెట్టాను.