నలభై ఒకటో ఆకు

చలి ఎరగని ఆ ఊళ్ళో
వానలకే చలికాలమని పేరు.
జనవరి మొదలు బ్రగాన్సా బురద మీద
ఆకాశం కడవలతో దిమ్మరిస్తుంది.
వెలిసిన ఆరు నెలలూ ఎండాకాలం.
కాయేతే నది సన్నబడి
సముద్రానికి దారి వదులుతుంది.

పదిహేను రోజులకోసారి దెవుజరీనా
మోకాలి లోతు దిగబడుతూ వెళ్ళి
మడచెట్ల కింద కట్టిన వలల్లో రాలినవి ఏరుతుంది.
కొమ్మ మీది లేతవి కొన్ని, ముదురువి కొన్ని తుంచి
కాగితం కవర్ల మీద తేదీ వేస్తుంది.
ఎండబెట్టి, పొడికొట్టి
బెలేంలో ఉన్న మిషనుకి పంపుతారు.
మూడు వారాలకి అంకెలొస్తాయి,
ఉప్పెంత, నత్రజని ఎంత, టానిన్ ఎంత అని.

ఆమెకంత ఓపిక లేదు.
ఆకు కొస కొరికి, నాలుక మీద నిలిపి, ఉమ్మేసి
"మార్చి. నోరు పట్టుకోవడం లేదు.
నీళ్ళు తాగి గారాబంగా పెరిగింది" అంటుంది.
అక్టోబరులో అదే కొమ్మ
పళ్ళ మీద తోలు కప్పినంత వగరు.
పక్కన సిరియూబా ఆకుల మీద ఉప్పు
గోటితో గీస్తే తెల్లగా రాలుతుంది.
చెమట పట్టే మనిషి లాంటిదట ఆ చెట్టు.
ఎర్రమడ అలా కాదు,
వేరు దగ్గరే వడగట్టి
తప్పించుకొచ్చిన ఉప్పుని
ముసలి ఆకులకి అప్పగిస్తుంది.

రాలే ముందు ఆకు పసుపెక్కుతుంది.
ఇల్లు ఖాళీ చేసేవాళ్ళలా చెట్టు
నత్రజనీ భాస్వరమూ మూటగట్టి
తొడిమ గుండా వెనక్కి మోసుకుపోతుంది.
గోడకి దిగిన మేకుల్లా
ఉప్పూ వగరూ మిగులుతాయి.

ఆ ఆగస్టులో
నలభై ఒకటో ఆకుకి ఎర్రదారం కట్టింది,
ఎన్నాళ్ళకి రాలుతుందో చూద్దామని.
రాలింది, వలలో మాత్రం పడలేదు.
దారం కొస బొరియలోకి జారుతుంటే
చెయ్యి పెట్టేలోగా మాయం.
అంకె ఉండాల్సిన గడిలో
'పీత' అని రాసింది.

కుర్ర శాస్త్రవేత్త ఇవనీల్డో ఒప్పుకోలేదు.
నమూనా పోయిందని రాయాలట.
"పోలేదు. ఎక్కడుందో నాకు తెలుసు.
పీతకీ వగరు గిట్టదు.
మా అమ్మ మనివా ఆకుని
ఏడు రోజులు ఉడికించినట్టు
అదీ బురదలో నానేస్తుంది.
విరిగాక తింటుంది."

డిసెంబరులో మేనల్లుడు జొసీనో
భుజం దాకా చెయ్యి దూర్చి పీతని లాగితే
కాలికి చుట్టుకుని దారమొచ్చింది.
ఎరుపు కాదిప్పుడు, కాచు రంగు.

గడిలో అతికించబోతూ ఆగి
కొరికి చూసింది.
కాసేపు ఏమీ అనలేదు.
'పీత' పక్కన
పెన్సిలుతో రాసింది:
'ఇంకా కొంచెం ఉంది.'