వైమోవానా చేతిరాత

"ఎంతమందికి వస్తుందమ్మా ఇది?"
నుకువాలోఫా నుంచి పడవ దిగిన కుర్ర డాక్టరు
కాగితం తెరిచి, పెన్ను మూత తీసి అడిగాడు.
హాపాయి దీవిలో ఇరవై రెండేళ్లుగా నర్సుని,
అంకె చెప్పలేకపోయాను.
ఇక్కడ మోకాలు నొప్పంటే "ఎదుగుతున్నాడులే" అంటారు,
గొంతు నొప్పంటే అసలేమీ అనరు.
మరీ ఎక్కువగా ఉన్నది లెక్కలోకి రాదు బాబూ,
ఉప్పుగాలిని ఎవరు లెక్కపెట్టారు?

పౌలియాసి సంగతి చెప్పాను.
సోమవారం కుడి మోకాలు,
బుధవారం ఎడమ చీలమండ,
శుక్రవారానికి మణికట్టు.
కీలు కీలుకీ కాపురం మారుస్తూ పోయింది నొప్పి.
"నిన్న ఆ కాలు, ఇవాళ ఈ కాలా? పనిదొంగ!"
చేమతోటలో గునపం దించకుండానే అరిచాడు తండ్రి.
అబద్ధమాడేవాడు ఒక్క కాలినే కుంటుతాడు.
అందుకే నేను నమ్మాను.

చక్కెర జబ్బుకి చుక్క రక్తం చాలు,
విరిగిన ఎముకకి ఒక ఫొటో చాలు,
ఈ జ్వరానికి మాత్రం పంచాయితీ పెట్టాలి.
ఒళ్లు కాలడం చిన్న సాక్షి, దాని మాట ఒక్కటే చెల్లదు.
గాజు గొట్టంలో రక్తం ఎంత తొందరగా కిందికి దిగిందో
అదీ చిన్న సాక్షే.
అసలు దొంగ గొంతులో దూరి
మూడు వారాల కిందటే ఊరు దాటిపోయాడు,
రక్తంలో వాడి అడుగుజాడ ఉందా అని వెతకాలి.
అందరూ ఒకే మాట మీదికి వచ్చేదాకా
పిల్లవాడు బెంచీ మీద కూర్చుని
కాళ్లు ఊపకుండా ఎదురుచూస్తాడు.

వైమోవానాకి కీళ్లు నొప్పి లేదు, జ్వరమూ లేదు.
ఉన్నదల్లా చేతిరాత.
పుస్తకం మొదట్లో అక్షరాలు ప్రార్థనకు వెళ్లే పిల్లల్లా
వరసగా గీత మీద నిలబడ్డాయి.
పోను పోను ఒకటి పైకెగిరింది,
ఒకటి పక్కదాని మీద పడింది,
తర్వాత గీత ఎక్కడో అక్షరం ఎక్కడో.
కింద ఎర్ర సిరాతో: శ్రద్ధ లేదు.
గుడిలో మొహం వంకర్లు తిప్పిందని బయట నిలబెట్టారు.
మూడు కప్పులు పగిలాయి ఇంట్లో.
"నిద్రలో మాత్రం కదలదు" అంది అమ్మమ్మ,
ఆ మాట ఎవరూ అడగకుండానే.

నా రెండు వేళ్లూ ఇచ్చి, గట్టిగా పట్టుకో అన్నాను.
పట్టింది, వదిలింది, మళ్లీ పట్టింది,
పాలు పితికే చెయ్యిలా.
నాలుక చాపి అలాగే ఉంచమన్నాను.
చాపింది. క్షణం నిలవలేదు,
తొండ పొదలోకి దూరినట్టు లోపలికి పోయింది.
తనే నవ్వింది. నేను నవ్వలేదు.

ఛాతీ మీద గొట్టం ఆనించాను.
వీధిలో ఆడవాళ్లు మల్బరీ బెరడు దంచుతున్నారు,
లోపలా అదే దరువు.
కాకపోతే దెబ్బకీ దెబ్బకీ మధ్య
ఉండాల్సిన మౌనంలో
ఎవరో సన్నగా ఊదుతున్నారు.

మర్నాడు డాక్టరు పెట్టె తెరిచాడు.
బడిలో నూట పన్నెండు మందిని
చాప మీద ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టాం.
తెర మీద తలుపులు తెరుచుకున్నాయి, మూసుకున్నాయి.
నలుగురికి మూసుకోలేదు:
వెనక్కి పారకూడని చోట
నీలిరంగు మంట ఒకటి వెనక్కి ఎగిసింది.
ఆ నలుగురిలో ఇద్దరు ఒక్కరోజూ ఏ నొప్పీ చెప్పలేదు,
నిన్న సాయంత్రం కూడా రగ్బీ ఆడారు.

నాలుగు వారాలకొక సూది, ఏళ్ల తరబడి.
వైమోవానా తన కాలెండరులో చుక్కలు పెట్టుకుంది,
చుక్కలు గళ్లు దాటి పోయాయి.

చీకటి పడ్డాక టీచరు వచ్చింది.
ఎర్ర సిరా గురించి ఏమీ అనలేదు.
సంచిలోంచి అట్ట ఊడిన పాత నోటుపుస్తకం తీసి
బల్ల మీద పెట్టింది.
"తొమ్మిదేళ్ల కిందటిది. వాళ్లమ్మ నాకే ఇచ్చేసింది.
పరుగు పందెంలో పడిపోయాడు కదా, ఆ పిల్లాడిది."
డాక్టరు పెన్ను పక్కన పెట్టాడు.
దీపం దగ్గరికి జరిపి పేజీలు తిప్పాను.

పదిహేనో పేజీ దాకా
అక్షరాలు గీత మీదే నడిచాయి.