గుంజుడు బండి

మలక్‌పేట బ్రిడ్జి కింద నీళ్లు నడుము దాక వస్తె
పట్నమంత మొత్తుకుంటది,
నా ఫోను మోగుతది.
వానను తిట్టనోన్ని ఈడ నేనొక్కన్నే కావచ్చు.
ఆ మాట అండాలు ముందట అనను,
మా రేకుల ఇంట్ల గూడ కురుస్తది.

యాడున్నరు సార్ అంటె
పిల్లర్ నంబర్ నూటడెబ్బై ఆరు అంటరు.
అత్తాపూర్‌ల అడ్రసంటె గదే,
పెండ్లి హాలుకైనా దవాఖానకైనా చెడిపోయిన కారుకైనా
ఒక్క సిమెంటు కాలు చాలు.
యాప్‌ల నలభై నిమిషాలుంటది.
మెహిదీపట్నం కాడ జాంల నేనే ఇరుక్కుంట.
నలభై దాటితె నూటయాభై కట్.
కట్ చేసేటోన్ని ఎన్నడు చూడలె,
గొంతు మాత్రం మస్తు తియ్యగుంటది.

నో పార్కింగ్ బండ్లు ఎత్తుకపోయేటోన్ని అనుకొని
కోఠిల ఒకామె చెప్పు లేపింది.
వాళ్లు వేరమ్మా, నేను పిలిస్తెనే వస్త అన్న.
"యముడు గూడ గట్లనే అంటడు" అన్నది.
నవ్వొచ్చింది. ఆమెకు గూడ వచ్చినట్టుంది,
చెప్పు కింద పెట్టింది.

కొక్కెం యాడ తగిలియ్యాల్నో
ఖలీల్‌కు రెండేండ్లు నేర్పిన.
బంపర్‌కు కాదుర, అది ముఖానికి రాసిన పౌడరు.
బురదల పండు,
ఎముక దొరికెదాక చెయ్యి పెట్టి దేవులాడు.
గొలుసు బిగిసినంక పక్కన నిలవడకు,
తెగిన గొలుసు చుట్టాన్ని చూడదు.
నమ్మకుంటె నా ఎడమ చిటికెన వేలును అడుగు.
అది ఇప్పుడు లేదనుకో.

ఔటర్ మీద అంబులెన్సు పోయినంక వచ్చేది నేను.
ఎస్సై పంచనామా రాస్తుంటడు,
ఎవరో చీపురుతోని అద్దం పెంకులు ఊడుస్తుంటరు.
సీట్ల దిక్కు చూడనని ఒట్టు పెట్టుకున్న.
ఒట్టుదేముంది,
సగం తిన్న మక్కకంకి, ఉప్పు కారం ఇంక తడిగనే ఉన్నది.

కోకాపేట కాడికెల్లి తుక్కుగూడ యార్డు దాక
ఆ కారును మీదేసుకొని వస్తుంటె
అద్దంల దాని ఎడమ లైటు కొట్టుకుంటనే ఉన్నది.
స్టీరింగ్ ముందట ఎవరు లేరు.
అప్పా జంక్షన్ కాడ దిగుదామని
ఎవరో అనుకున్నరు,
బండి ఇంక మరువలె.
అప్పా వచ్చింది. నేను దిగలె.
బ్యాటరీ వైరు పీకితె అయిపోవు,
రెండుసార్లు ఆగిన గూడ. పీకలె.
యార్డుల వాచ్‌మన్ పీకిండు, ఆవులిచ్చుకుంట.

ఇది చెప్పద్దనుకున్న.
మొన్న ఫైనాన్సోళ్లు పిలిచిండ్రు.
బోరబండ, తెల్లారగట్ల నాలుగు గంటలకు,
మూడు కిస్తీలు తప్పిన ఆటో.
డబల్ ఇస్తమన్నరు.
డీజిల్ పోంగ ఎంత మిగుల్తదో లెక్క చేసుకుంటనే పోయిన.
ఎక్కిచ్చినంక ఆయన లుంగీ మీద బయటికొచ్చిండు.
మొత్తుకుంటడనుకున్న, కొడ్తడనుకున్న,
ఖలీల్ జాకీ రాడ్డు గట్టిగ పట్టుకున్నడు.
ఆయన లోపలికి వంగి
ఒక దువ్వెన, చిల్లర డబ్బ, ఎండిన నిమ్మకాయ తీసుకున్నడు.
"హ్యాండ్ బ్రేక్ పట్టదన్నా, పైలం" అన్నడు.
గంతే.
లోపల ఎవరో లైటు వేసిండ్రు,
మల్ల బంద్ చేసిండ్రు.

పైసలొచ్చినయి. రేకులు మార్పిచ్చిన.
నా బండి మీద ఇంక పందొమ్మిది కిస్తీలున్నయి,
ఈ నెలది రెండు రోజులు లేటు.
రాత్రి ఇంటికొచ్చి
గల్లీ చివర గోడకు మూతి ఆనిచ్చి నిలబెడుతున్న,
నడుమ చెయ్యి గూడ పట్టకుంట.
గట్లెందుకు పెడుతున్నవ్, పొద్దుగాల తీసుడు కష్టం గాదా
అని అండాలు అడుగుతది.
కొక్కెం యాడ తగుల్తదో
నాకు తెల్సు గదా.