డ్రయ్యర్ల గది

ఉత్తరాలు మొదట్లో ఒక చెప్పుల పెట్టెలో పట్టాయి.
తర్వాత బియ్యం సంచిలో.
కాగితం మిల్లు వాసన
గాలి తిరిగినప్పుడల్లా క్లాసులోకొచ్చే పైన్ బ్లఫ్‌లో,
మా ఊరి కాగితమే
పదహారు రాష్ట్రాలు తిరిగి
జెనోబియా పేరు రాయించుకుని
వెనక్కొస్తోందనుకునేదాన్ని.

నాకు ఒక్కటీ రాలేదు.
రావాలని అనుకోలేదంటే అబద్ధం.
నా పని, ఆమె వేసిన బంతి వలలోంచి రాలగానే
పట్టుకుని మళ్ళీ ఆమె చేతికివ్వడం.
రోజుకి నాలుగు వందలు.
లెక్క నాది, పేరు ఆమెది.

కోచ్‌లు వచ్చారు.
ఒకాయన కుంగిన సోఫాలో మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని
క్యాట్‌ఫిష్ వేపుడు ముల్లుతో సహా నవ్వుతూ మింగాడు.
ఒకావిడ ప్రార్థన చేసింది, మా పాస్టరు కన్నా పొడుగ్గా.
ఇంకొకాయన అర్ధరాత్రి
కొండవీటి చాంతాడంత మెసేజీ పంపి
చివర ఆమె పేరు తప్పు రాశాడు.

నాయనమ్మ ఆర్డెలియా అందర్నీ ఒకటే అడిగేది:
"మా పిల్ల మోకాలు విరిగితే?"
అందరూ జవాబు చెప్పారు.
ఆవిడ జవాబు వినలేదు,
జవాబుకి ముందు ఎంతసేపు ఆగారో చూసింది.

శనివారాలన్నీ విమానాలే.
ఒక కాలేజీలో లాకరు మీద ఆమె పేరు
ముందే వెలుగుతోంది.
ఇంకోచోట చీకటి స్టేడియంలో పెద్ద తెర మీద
ఇంకా ఆడని ఆట ఆడుతూ ఆమె బొమ్మ,
రాని జనం కొట్టే చప్పట్లు.
జెర్సీ తొడిగి ఫోటో తీశారు,
తీశాక జెర్సీ విప్పి తీసేసుకున్నారు.
మరోచోట రాత్రంతా పనిచేసే ఐస్‌క్రీమ్ మిషను.
దాని గురించి రెండ్రోజులు చెప్పింది.
అదే గెలుస్తుందనుకున్నాను.
పదిహేడేళ్ళు మాకు, ఏం చెయ్యమంటారు?

క్షవరం కుర్చీలో కూర్చున్న ప్రతివాడూ
ఆమెకో కాలేజీ కేటాయించాడు.
మేనమామ, టీవీలో కనపడే చోటికెళ్ళమన్నాడు.
పాస్టరు, దేవుడు పిలిచిన చోటికన్నాడు,
దేవుడిది ఏ రంగు జెర్సీయో చెప్పలేదు.
కెమిస్ట్రీ టీచరొక్కావిడ
"అక్కడ ఏం చదువుతావమ్మా?" అంది.
మా ఇద్దరికీ సిగ్గేసింది.

నవంబరులో, లైబ్రరీ బల్ల మీద మూడు టోపీలు.
ఆమె ఎడమవైపుది తీసింది.
జడల మీద కూర్చోలేదది, చేత్తో అదిమి పట్టుకుంది.
అయోవాలో ఏదో మొక్కజొన్న ఊరు.
చప్పట్లు ఒక్క క్షణం ఆలస్యమయ్యాయి.
మేనమామ ఫోన్లో మ్యాపు తెరిచాడు.
ఎందుకని పేపరతను అడిగితే
"అక్కడందరూ ఒక కుటుంబంలా ఉంటారండీ" అంది.
ప్రతి ఏడూ ప్రతి పిల్లా చెప్పే మాటే.
అతను రాసుకున్నాడు కూడా.

సాయంత్రం జిమ్‌లో, వందో బంతి దాటాక,
నన్ను చూడకుండా రింగునే చూస్తూ చెప్పింది.

మోకాలికి ఐసు కట్టుకున్న ఒక సీనియరు
కుంటుకుంటూ అన్నీ తిప్పి చూపించి,
కోచ్ ఎవరితోనో ఫోన్లో పడగానే
మెట్ల కింద బట్టలుతికే గదికి తీసుకెళ్ళిందట.
"ఏడుపొస్తే ఇక్కడికి రా.
మూడో డ్రయ్యరుకి చప్పుడెక్కువ.
ఖాళీగానే తిప్పు, ఎవరూ అడగరు."

అంతే.
మిగతా చోట్ల
ఏడుస్తానని ఎవరూ చెప్పలేదంది.

బంతి నా చేతుల్లో కాస్సేపు ఆగిపోయింది.
అక్కడ ఎవరందిస్తారని అడగబోయాను.
అడక్కర్లేదు, వాళ్ళ పుస్తకంలో బొమ్మ చూశాను.
దానికో మిషనుంది,
వల తగిలించుకుని, చక్రాల మీద, నల్లగా.
అలసిపోదట.

బయట గాలి తిరిగింది. మిల్లు వాసన.
ఛాతీకి తగిలేలా గట్టిగా విసిరాను.
"నూట పది" అన్నాను.
"నూట పదకొండు" అంది.

సరే, పదకొండు.
మోచెయ్యి కిందికి జారుతోంది,
చూసుకో.